నాలుక కింద తుంపర

"కేకు తీసుకో," అన్నాడు పెద్దాయన.

నత్త కేకు వైపు అనుమానంగా చూశాడు. పాతికేళ్ళ సర్వీసులో పెద్దాయన ఎవరికీ గ్లాసెడు మంచినీళ్ళు ఇచ్చిన పాపాన పోలేదు. అలాంటి మనిషి పొద్దున్నే పిలిచి, తలుపు గడియ పెట్టి, చాక్లెట్ కేకు ముక్కను ప్లేట్లో పెట్టి ముందుకు జరిపాడంటే ఎక్కడో ఏదో తేడా ఉంది.

"ఇప్పుడే టిఫిన్ తిని వచ్చాను సార్."

"మొన్న ఆఫీసు పార్టీలోనూ ఇదే మాట. అంతకుముందు నీ ప్రమోషన్ కేకు నువ్వే ముట్టుకోలేదు. షుగర్ ఎన్నాళ్ళ నుంచి?"

నత్త గతుక్కుమన్నాడు. డిపార్ట్‌మెంట్ రూల్ ఒకటుంది. షుగర్ వచ్చిన ఏజెంట్‌ని ఫీల్డ్ నుంచి తీసేసి ఫైళ్ళ గదిలో కూర్చోబెడతారు. ఆ గదిలోకి వెళ్ళినవాడు రిటైర్‌మెంట్ పూలదండతోనే బయటికి వస్తాడు. అందుకే అతను ఈ సంగతిని శత్రు దేశాల రహస్యాల కంటే భద్రంగా దాచాడు. ఇంట్లో భార్యకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదనుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది వ్యవహారం.

"నాలుగేళ్ళు సార్," అన్నాడు నెమ్మదిగా.

అన్నీ నెమ్మదే అతనికి. అందుకే నత్త అనే పేరు వచ్చింది. అసలు పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అయితే అతను వెంటపడిన మనిషి ఇంతవరకు ఒక్కడు కూడా తప్పించుకోలేదు.

"భయపడకు. నీ షుగర్ నాకిప్పుడు అవసరం," అన్నాడు పెద్దాయన, కేకు తన వైపు లాక్కుంటూ. "ఊరి చివర ప్రభుత్వ ల్యాబ్ ఉంది కదా. అక్కడి ప్రొఫెసర్ షుగర్‌కి కొత్త మందు కనిపెట్టాడు. చవగ్గా తయారవుతుంది. 'గొడుగు' అని ఒక విదేశీ ముఠా. వాళ్ళ వెనకున్న వాళ్ళు ఖరీదైన మందులు అమ్ముకుంటున్నారు. ఈ మందు బయటికి వస్తే వాళ్ళ కొట్టు కట్టేసుకోవాలి."

"ఫార్ములా దొంగిలిస్తారా?"

"అంతకంటే దారుణం. వాళ్ళ మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. 'చివరి స్కాన్ రోజు ఒకడు బల్ల మీంచి లేవడు. మందు కూడా వాడితోనే పోతుంది.' అంతే. ఆ రోజు పెద్ద డాక్టర్ల కమిటీ అద్దం వెనక కూర్చుని చూస్తుంది. వాళ్ళ కళ్ళముందు ఒక పేషెంట్ చస్తే ఆ మందుని ఇక ఎవరూ ముట్టుకోరు. ఎవర్ని చంపుతారో తెలీదు. ఎలాగో తెలీదు. నువ్వు వాలంటీర్‌గా చేరి కనిపెట్టాలి."

"పోలీసుల్ని పెట్టొచ్చు కదా సార్."

"పెడితే ముఠా తప్పుకుని ఇంకో దారి చూసుకుంటుంది. ఆ బల్ల మీద పడుకోవాలంటే నిజంగా షుగర్ ఉండాలి. రక్తం అబద్ధం చెప్పదు. డిపార్ట్‌మెంట్‌లో ఆ అర్హత నీ ఒక్కడికే ఉంది."

"ఉన్నవాళ్ళు ఇంకా ఉంటారు సార్. చెప్పరంతే."

పెద్దాయన ఆ మాట విననట్టు డ్రాయర్ లాగాడు. ఒక పెన్ను, ఒక జత బూట్లు బల్ల మీద పెట్టాడు. పెన్ను మొనను దేనిలోనైనా ముంచితే, అందులో విషం ఉంటే ఎర్రబడుతుంది. బూటు మడమలో రేడియో ఉంది, రెండుసార్లు నేలకు తన్నితే మనవాళ్ళు వచ్చి వాలతారు. "లోపల మన మనిషి ఒకరున్నారు. 'చెయ్యి చల్లగా ఉంది' అంటే నువ్వు 'గుండె వెచ్చగానే ఉంది' అనాలి. కానీ జాగ్రత్త. మన మనిషి వాళ్ళ దగ్గర కూడా జీతం తీసుకుంటోంది."

"అంటే మన మనిషో, వాళ్ళ మనిషో..."

"అది కూడా నువ్వే కనిపెట్టాలి," అని పెద్దాయన కేకు మీది చెర్రీ నోట్లో వేసుకున్నాడు.

మారువేషానికి చిల్లిగవ్వ ఖర్చు కాలేదు. నత్త జుట్టుకున్న రంగు కడిగేసుకున్నాడు. అద్దంలో రిటైరైన లిఫ్టు మెకానిక్ ఒకడు ప్రత్యక్షమయ్యాడు. అది మారువేషం కాదనీ, ఇన్నాళ్ళూ ఉన్నదే వేషమనీ అతని భార్య అభిప్రాయం.

మొదటి రోజు ప్రొఫెసర్ వాలంటీర్లను కూర్చోబెట్టి చెప్పాడు. మూడు రోజులుగా అదే చొక్కా వేసుకున్నట్టున్న మనిషి.

"మీలో చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ ఉంది. అది పాపం తలుపు కొడుతూనే ఉంటుంది, లోపలున్నవాళ్ళు పట్టించుకోరు. మా మందు ఆ తలుపు తీసే బుద్ధి పుట్టిస్తుంది. షుగర్ దిగుతుంది, సరే. నేను చూడాలనుకుంటున్నది ఇంకోటి. రక్తనాళం లోపల సన్నటి పొర ఉంటుంది. రక్తం ఉరికి వచ్చినప్పుడు నాళాన్ని విచ్చుకోమని చెప్పేది ఆ పొరే. షుగర్ ఉన్నవాళ్ళలో అది మొద్దుబారిపోతుంది. ఇన్సులిన్ మాట చెల్లడం మొదలైతే ఆ పొర కూడా తేరుకుంటుందా? అదీ మన పరీక్ష. సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికేదో నాకూ తెలీదు."

"కాళ్ళు వాస్తాయని విన్నాం?" వెనక నుంచి ఒక ముసలాయన గొంతు. లెక్కల మాస్టారు. రిటైరై చాలా ఏళ్ళయినా చేతికి సుద్దపొడి అంటినట్టే వేళ్ళు రుద్దుకుంటాడు.

"కొందరికి వాస్తాయి. ఈ రకం మందులు ఒంట్లో నీరు నిలబెడతాయి. అందుకే గుండె నీరసంగా ఉన్నవాళ్ళను తీసుకోలేదు. వాపు వస్తే దాచకుండా చెప్పండి."

నత్త అందరినీ అనుమానించాడు. అదే అతని ఉద్యోగం. ప్రొఫెసర్ చొక్కా మాసినా చేతి గడియారం కొత్తది. నీళ్ళ క్యాన్ తెచ్చేవాడు ప్రతిసారీ వేరే వాడు. అంతర్జాతీయ క్వాలిటీ సంస్థ పేరుతో విదేశం నుంచి వచ్చిన ఆడిటర్ ఉన్నాడు. తెల్లటి కోటు, తేనె లాంటి మాట. ప్రతి వాలంటీర్ మనవళ్ళ పేర్లూ తెలుసు ఆయనకి. పరాయివాడికి మన మనవళ్ళ మీద అంత ప్రేమ దేనికని నత్తకి అనిపించింది.

అందరికంటే ఎక్కువ అనుమానం స్కానింగ్ మేడమ్ మీద. చీకటి గదిలో కూడా అందం తెలిసే మనిషి. చెవులకు వెండి బుట్టలు, గోళ్ళకు ముదురు ఎరుపు రంగు. మొదటి స్కాన్ రోజు నత్తను మంచం మీద పడుకోబెట్టి, ముంజేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. చెయ్యి మొద్దుబారింది. అయిదు నిమిషాలు అలా రక్తం ఆపి, వదిలి, మోచేతి పైన నాళం ఎంత విచ్చుకుందో తెర మీద కొలుస్తారు. ఆ తర్వాత కాసేపు ఆగి, గుండెనొప్పికి వాడే స్ప్రే నాలుక కింద ఒక తుంపర కొట్టి మళ్ళీ కొలుస్తారు. పొర సాయం లేకుండా నాళం ఎంత సాగగలదో దానితో తెలుస్తుంది.

"చెయ్యి చల్లగా ఉంది," అంది మేడమ్.

నత్త ఇబ్బందిలో పడ్డాడు. రక్తం ఆపేశాక ఎవరి చెయ్యైనా చల్లగానే ఉంటుంది. ఈ మాట ఆమె రోజూ అందరితోనూ అంటుంది. డిపార్ట్‌మెంట్‌లో కోడ్ వర్డ్స్ రాసేవాడిని మనసులో నాలుగు తిట్టుకుని, "గుండె వెచ్చగానే ఉంది," అన్నాడు.

ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "మీకంటే ముందు మాస్టారు 'ఒంట్లో నెత్తురుంటే కదమ్మా' అన్నారు. ఆయన కాదని అప్పుడే తెలిసిపోయింది. కదలకండి, బొమ్మ చెదురుతుంది. ఈ అయిదు నిమిషాలే మనకి మాట్లాడుకునే వీలు."

"గొడుగు మీకేం పని అప్పగించింది?"

"అదే నాకు భయంగా ఉంది. ఏమీ చెప్పట్లేదు. 'ఎప్పటిలా నీ పని నువ్వు చెయ్' అన్నారు. జీతం మాత్రం సరిగ్గా వస్తోంది."

"ఇంకెవరున్నారు వాళ్ళ వాళ్ళు?"

"ఉన్నారు. ఎవరో నాకు చెప్పరు. మీరు నన్ను నమ్మట్లేదు కదా?"

"మీరే నా స్థానంలో ఉంటే నమ్ముతారా?"

"నమ్మను," అని ఆమె పట్టీలో గాలి వదిలింది.

నెలలు గడిచాయి. నత్త కాళ్ళు వాయడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి మేజోళ్ళ అచ్చు చీలమండల మీద పడేది. ప్రొఫెసర్ వేలితో నొక్కి చూసి, గుండె పరీక్షలు చేయించి, ఫరవాలేదన్నాడు. తనకు అసలు మందే పడుతోందని నత్తకి అర్థమైంది. మాస్టారి బూట్లు మాత్రం రోజూ బిగుతుగా లేసు కట్టి ఉండేవి. ఉత్తుత్తి మాత్రా, లేక మాత్ర వేసుకోకుండా పారేస్తున్నాడా? ప్రశ్నలు మరీ ఎక్కువ అడుగుతాడు కూడా. నత్త ఆయన వెనకే ఇంటిదాకా వెళ్ళాడు, చెత్తబుట్ట వెతికాడు. ఏమీ దొరకలేదు. మర్నాడు మాస్టారు తనంతట తానే దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నాయనా, నిన్న మా సందులో తిరుగుతున్నావు. లిఫ్టు బాగుచెయ్యడానికా? మాది డాబా ఇల్లు."

"దారి తప్పాను మాస్టారూ."

"పోనీలే. నువ్వు నమ్మదగిన మనిషిలా ఉన్నావు, అందుకని చెబుతున్నా. మా అన్నయ్యకి ఈ షుగర్ వల్లే కాలు మోకాలి దాకా తీసేశారు. తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. నేను నా కాళ్ళ మీద నడిచి పోవాలి నాయనా. నాకు ఉత్తుత్తి మాత్రే ఇస్తున్నారని నాకు తెలుసు. అయినా వస్తాను. నా లెక్క లేకపోతే వాళ్ళ లెక్క తేలదు కదా."

నత్తకి సిగ్గేసింది. అలాంటి మనిషి చెత్తబుట్ట వెతికినందుకు నిజంగా బాధపడ్డాడు. బాధపడుతూనే, ఇంత మంచిగా మాట్లాడే మనిషిని ఇంకొంచెం కనిపెట్టి ఉండాలనుకున్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

ఇంట్లో అలాంటి భూతం ఇంకొకటి తయారైంది.

"ఆ స్కానింగ్ ఆవిడ చక్కగా ఉంటుందటగా? మాస్టారి భార్య చెప్పింది," అంది భార్య, చివరి స్కాన్ నాటి పొద్దున్న. "అందుకేనా మీకు ట్రయల్ అనగానే అంత హుషారు?"

"అది డ్యూటీ."

"పాతికేళ్ళుగా వింటున్నా. ఏవండీ, ఆ బూట్లలో కాళ్ళు పట్టవు, వదిలెయ్యండి."

నత్త బూట్లతో కుస్తీ పట్టాడు. కాళ్ళు దూరలేదు. ఆమె గరిటె కాడ మడమ వెనక పెట్టి తోసింది, అయినా దూరలేదు. దేశ రక్షణ కోసం శాస్త్రవేత్తలు తయారుచేసిన రేడియో బూట్లు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. నత్త రబ్బరు చెప్పుల్లో మిషన్‌కి బయల్దేరాడు. ఇక పిలిస్తే పలికేవాళ్ళు ఎవరూ లేరు.

ల్యాబ్‌లో కమిటీ డాక్టర్లు అప్పటికే అద్దం వెనక గదిలో సర్దుకుంటున్నారు. ఆడిటర్ వరండాలో ట్రేతో నిలబడి ఒక్కొక్కరికీ క్యాప్సూల్ ఇస్తున్నాడు. "చివరి డోసు నా కళ్ళముందు వేసుకోవాలి. కొత్త నిబంధన."

ఇన్నాళ్ళూ స్కాన్ రోజు పొద్దున ఏ మాత్రా వేసుకోకూడదనేది రూలు. నత్త మింగినట్టు నటించి, బాత్రూములోకి వెళ్ళి క్యాప్సూల్ విప్పి పొడిని పెన్నుతో పరీక్షించాడు. మొన తెల్లగానే ఉంది. ఆడిటర్ మీద అనుమానం కొట్టేశాడు. ఇక మిగిలింది స్ప్రే. నోట్లోకి వెళ్ళేది అదొక్కటే. దాన్ని పట్టుకునేది మేడమ్ ఎర్ర గోళ్ళ చెయ్యి.

స్కానింగ్ గదిలో ఆమె తెర సరిచేస్తుండగా నత్త లోపలికి దూరి, మంచం పక్క ట్రేలోని స్ప్రే తీసి, మందుల షాపులో తాను కొన్న కొత్త స్ప్రే అక్కడ పెట్టాడు. పాత స్ప్రేని కూడా బాత్రూములో పరీక్షించాడు. మొన మళ్ళీ తెల్లగానే ఉంది. చుక్క విషం లేదు.

క్యాప్సూల్ మంచిది. స్ప్రే మంచిది. మరి చావు ఎక్కడ దాక్కుంది?

ఆలోచించే వ్యవధి లేదు, పేరు పిలిచారు. గదిలో రెండు మంచాలు, మధ్యలో కర్టెన్. అవతలి మంచం మీద మాస్టారు. ఆయనకి పట్టీ పరీక్ష అయిపోయింది, స్ప్రే కోసం ఆగారు. మేడమ్ నత్త ముంజేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి, కర్టెన్ అవతలికి వెళ్ళింది.

"అమ్మా, దీపం మార్చారా?" మాస్టారి గొంతు. "అంతా నీలంగా కనపడుతోంది."

"అదే దీపం మాస్టారూ."

"ముక్కు కూడా దిబ్బడేసింది. మొహం చూడు, ఆవిర్లు. ఈ వయసులో నాకు సిగ్గేమిటో!"

"కంగారు వల్ల అయ్యుంటుంది. నాలుక పైకెత్తండి."

నీలం వెలుతురు. దిబ్బడేసిన ముక్కు. మొహం ఆవిర్లు.

నత్తకి ఒక్కసారిగా రెండేళ్ళ కిందటి పెళ్ళిరోజు కళ్ళముందు మెదిలింది. సముద్రం ఒడ్డున హోటల్ గది. షుగర్ వచ్చాక రక్తనాళాలు మొరాయించేది చేతుల్లో, కాళ్ళలో మాత్రమే కాదు. మగవాళ్ళు నోరు విప్పి చెప్పుకోలేని చోట కూడా మొరాయిస్తాయి. అందుకు ఒక మాత్ర ఉంది. అది రాసిచ్చిన డాక్టర్ గొంతు తగ్గించి ఒక్క మాట చెప్పాడు. "ఇది వేసుకున్న రోజు, గుండెనొప్పికి నాలుక కింద కొట్టే స్ప్రే జోలికి మాత్రం పోకండి. బీపీ పాతాళానికి పోతుంది. మళ్ళీ పైకి రాదు." ఆ రోజు ఆత్రంలో రెండు మాత్రలు మింగాడు నత్త. తెల్లటి బెడ్ ల్యాంప్ నీలంగా కనిపించింది. 'మొహమేంటి, ఎండుమిరపకాయలా?' అని భార్య పడీపడీ నవ్వింది.

రెండూ మందులే. ఏదీ విషం కాదు, పెన్ను ఎర్రబడదు. ఒకటి మాస్టారి క్యాప్సూల్లో కూరారు. రెండోది మేడమ్ ఎప్పటిలా తన పని తాను చేస్తూ కొడుతుంది. ఆ కొత్త స్ప్రేని తెచ్చి ట్రేలో పెట్టింది స్వయానా నత్తే.

"ఆపండి!" అని అరిచాడు.

అద్దం వెనక గదిలోంచి, స్పీకర్లో ఆడిటర్ తేనె గొంతు పలికింది. "మేడమ్, ప్రోటోకాల్ ప్రకారం వెంటనే ఇవ్వండి. కమిటీ చూస్తోంది."

నత్త జీవితంలో మొదటిసారి గబుక్కున కదిలాడు. చేతికి పట్టీ, పట్టీకి గొట్టం, గొట్టానికి మెషిను. మూడూ కలిసి కర్టెన్ మీద పడ్డాయి. మొద్దుబారిన అరచెయ్యిని మాస్టారి నోటికి అడ్డం పెట్టాడు. స్ప్రే చుయ్‌మని అతని చేతి వెనక తడిపింది. మాస్టారు బెదిరి ఆ చెయ్యి గట్టిగా కొరికాడు. రక్తం ఆగిన చెయ్యి కాబట్టి నత్తకి ఏమీ తెలియలేదు.

"ఏంటిది?" మేడమ్ మొహం పాలిపోయింది.

"ఆయన క్యాప్సూల్లో ఇంకో మందు కలిపారు. ఈ స్ప్రే పడితే చచ్చిపోతాడు. చంపేది వాళ్ళు కాదు, మీరు. 'ఎప్పటిలా నీ పని నువ్వు చెయ్' అంటే అర్థం అదీ!"

ఆమె చేతిలోంచి స్ప్రే జారి నేల మీద పడింది. ఆ ఒక్క క్షణంలో ఆమె కళ్ళలో వచ్చిన భయం చూసి, ఇన్ని నెలల్లో మొదటిసారి నత్త ఆమెను నమ్మాడు.

అద్దం గది తలుపు తెరుచుకుంది. బయటికి పోవడానికి స్కానింగ్ గదిలోంచే దారి. ఆడిటర్ ఫోను చెవికి పెట్టుకుని, అర్జెంటు పనున్నట్టు చకచకా నడుస్తున్నాడు. నత్త వెంటపడబోయాడు. ఒక చెప్పు మంచం కింద ఉండిపోయింది, మెషిను వెనక్కి లాగింది. అయిపోయింది, తప్పించుకుంటున్నాడు అనుకున్నాడు.

మేడమ్ గోడకు తగిలించి ఉన్న పెద్ద బీపీ పట్టీ లాగింది. తలుపు తీయబోతున్న ఆడిటర్ మణికట్టునూ తలుపు పిడినీ కలిపి ఒకే చుట్టు చుట్టి, గాలి మీట నొక్కింది. పట్టీ బుసబుసా పొంగింది. ఆడిటర్ కెవ్వుమన్నాడు.

"కదలకండి," అందామె. "అయిదు నిమిషాలే."

ఆడిటర్ కోటు జేబులో మాస్టారి క్యాప్సూల్ లాంటివే ఇంకో రెండు దొరికాయి. ఒకవేళ మాస్టారు ఆ రోజు రాకపోతే తర్వాతి ముసలివాడి కోసం. ప్రొఫెసర్ మాస్టారిని పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తులో పెట్టించి, బీపీ మళ్ళీ మళ్ళీ చూస్తూ పక్కనే కూర్చున్నాడు. సాయంత్రానికి దీపం మళ్ళీ తెల్లబడిందని మాస్టారు ప్రకటించాడు. నడిచి ఇంటికి వెళతానని పట్టుబట్టాడు. వెళ్ళాడు కూడా. వెళ్ళే ముందు నత్త చేతి మీద పళ్ళ గాటు చూసి, "క్షమించు నాయనా," అంటూ ఆ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పటికి ఆ చేతికి స్పర్శ వచ్చింది.

తర్వాత లెక్కలు విప్పారు. మందు పడినవాళ్ళ నాళాలు, పడనివాళ్ళ కంటే బాగానే విచ్చుకున్నాయి. కాళ్ళూ బాగానే వాచాయి. "మంచి మందే, కానీ అందరికీ కాదు," అని ప్రొఫెసర్ నిజాయితీగా రాశాడు. ఆ రోజు చొక్కా కూడా మార్చాడు. మాస్టారికి ఆయన ఊహించినట్టే ఉత్తుత్తి మాత్ర. ఇప్పుడు అసలుది మొదలుపెట్టారు.

పెద్దాయన ఆఫీసులో బల్ల మీద ఈసారి కేకు లేదు, రెండు జామకాయలున్నాయి. నత్త ఒకటి తీసుకున్నాడు.

"ఫైళ్ళ గది రూలు కొట్టేయించాను," అన్నాడు పెద్దాయన. "రిపోర్టు చదివాను, భేష్. ఒక్కచోట ఖాళీ వదిలావు. నీలం వెలుతురు అనగానే అది ఏ మందో నీకెలా తెలిసింది?"

నత్త జామకాయ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నమిలాడు.

"ఆ పేరా టాప్ సీక్రెట్ సార్."

"నాకు కూడానా? ఈ డిపార్ట్‌మెంట్‌లో నాకు తెలియని రహస్యం లేదయ్యా!"

"తెలుసు సార్. కానీ దానికి క్లియరెన్స్ ఉన్నది ఒక్క మా ఆవిడకే."